చేపపిల్లలకి స్కూలు డిస్ట్రిక్టు

మొన్న నవంబరులో ఒక శనివారం పిల్లల్ని తీసుకుని నింబస్ హేచరీకి వెళ్ళాం. శాక్రమెంటో చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే గోల్డెన్ గేటు, లేక్ టాహో అయిపోయాక ఇంకేం చూపించాలో తోచనప్పుడు తీసుకెళ్ళే చోటు అది. టిక్కెట్టు లేదు. ఆ రోజుల్లో సముద్రం నుంచి వంద మైళ్ళ పైచిలుకు ఎదురీదుకుంటూ వచ్చిన చినూక్ సాల్మన్ చేపలు, ఒక్కోటీ రెండున్నర మూడడుగులవి, నీళ్ళ మెట్ల మీంచి ఎగిరెగిరి పైకొస్తుంటాయి. పిల్లలు కేకలు, పెద్దవాళ్ళు ఫోటోలు. మా అత్తగారైతే "ఇలాంటిది ఒక్కటి కోస్తే వీధంతటికీ పులుసొస్తుంది" అని నిట్టూర్చారు.

అమెరికన్ నది మీద 1950లలో ఫోల్సమ్, నింబస్ డ్యాములు కట్టినప్పుడు చేపలు పైకెళ్ళి గుడ్లు పెట్టుకునే దారి మూసుకుపోయింది. దానికి పరిహారంగా కట్టిందే ఈ హేచరీ. వచ్చిన చేపల నుంచి గుడ్లు తీసి, పొదిగించి, పిల్లల్ని వేలెడంత చేసి వదుల్తారు. ఏటా దాదాపు 40 లక్షల చినూక్ పిల్లలు. ఆ అంకె వినగానే అక్కడున్న అందరం "అబ్బో" అన్నాం.

మా పెద్దమ్మాయి మాత్రం అనలేదు. "వదిలేశాక అవి ఎక్కడుంటాయి నాన్నా?" అంది.

"నదిలో."

"నదిలో ఎక్కడ? ఏం తింటాయి?"

నాకు తెలీదు. పదిహేనేళ్ళుగా ఈ నది పక్కనే ఉంటూ, దాని గట్టు మీద సైకిలు తొక్కుతూ, ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. "ఇంటికెళ్ళాక చెప్తాలే" అని అప్పటికి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి మొదలుపెడితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళి రెండు నెలలు అదే పనైంది. నేను చేపల డాక్టర్ని కాను, కోడు రాసుకునేవాణ్ణి. కానీ చదివినకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. అదేంటో ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మనం ఇల్లు కొనేటప్పుడు ఏం చూస్తాం? స్కూలు డిస్ట్రిక్టు. వంటిల్లు చిన్నదైనా సరే, అప్పు నెత్తిమీదికొచ్చినా సరే, స్కూలు రేటింగు తొమ్మిదో పదో ఉండాల్సిందే. పిల్లలు పెరగాలంటే పెరిగే చోటు బావుండాలని మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. చేపపిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం, ప్రభుత్వాలకీ జనానికీ కూడా, ఎన్ని వదిలాం అన్నదొక్కటే లెక్క. ఎక్కడ వదిలాం, అక్కడ నీళ్ళెలా ఉన్నాయి, తిండుందా, దాక్కునే చోటుందా అన్నవి ఆ తర్వాతి మాట. నా ఉద్దేశంలో ఇది తలకిందుల లెక్క. ఎందుకో వరసగా చెప్తాను.

గుడ్డు దగ్గర్నుంచి మొదలుపెడదాం. సాల్మన్ తల్లి నది అడుగున గులకరాళ్ళని తోకతో కొట్టి గుంట చేసి అందులో గుడ్లు పెడుతుంది. ఒక్క తల్లి దాదాపు ఐదువేల గుడ్లు. మళ్ళీ రాళ్ళు కప్పేసి, కొన్నాళ్ళకి చచ్చిపోతుంది. ఇక ఆ గుడ్లకి దిక్కు ఆ రాళ్ళ సందుల్లోంచి పారే నీళ్ళే. గుడ్డుకి మొప్పలుండవు, పొరలోంచే ఆక్సిజన్ పీల్చుకోవాలి. నీళ్ళు చల్లగా ఉండాలి, కదుల్తుండాలి, రాళ్ళ సందుల్లో ఒండ్రు పూడకూడదు. ఈ మూడిట్లో ఏది తప్పినా ఐదువేలూ పోవచ్చు.

చల్లగా అంటే ఎంత? ఇక్కడివాళ్ళు చాలాకాలం పట్టుకున్న అంకె 56 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 13.3 సెల్సియస్. ఆ అంకె చుట్టూ ఎంత కథ నడిచిందో చూడండి. శాక్రమెంటో నదిలో వింటర్ రన్ అని ఒక జాతి సాల్మన్ ఉంది. శీతాకాలంలో పైకొచ్చి, మంచి ఎండాకాలంలో గుడ్లు పెడుతుంది. శాక్రమెంటో లోయలో వేసవి అంటే మన రెంటచింతలకి తీసిపోదు, మరి ఇదేం పిచ్చి అనిపిస్తుంది కదా? పిచ్చి కాదు. పూర్వం అవి ఇంకా పైకి, కొండల్లో ఊటనీళ్ళతో ఏడాదంతా చల్లగా పారే మెక్‌క్లౌడ్ లాంటి ఏరుల్లోకి వెళ్ళేవి. 1945లో షాస్తా డ్యాము పూర్తయింది, దారి పోయింది. అప్పట్నుంచీ ఆ జాతి బతుకంతా డ్యాము అడుగున నిలవుండే చల్లనీళ్ళని ఇంజనీర్లు ఎంత పొదుపుగా వదుల్తారన్నదాని మీదే ఆధారపడింది. 2014, 2015లలో కరువొచ్చింది. వేసవి పూర్తి కాకముందే రిజర్వాయర్లో చల్లనీళ్ళు అయిపోయాయి. ఆ రెండేళ్ళూ గుడ్లూ, అప్పుడే పొదిగిన పిల్లలూ కలిపి నూటికి 95 దాకా చచ్చిపోయాయి. ఈ చేపలకి ఆయుష్షు మూడేళ్ళు. వరసగా రెండేళ్ళ సంతానం పోతే ఇంకేం మిగుల్తుంది?

ఇందులో సాఫ్ట్‌వేరు వాళ్ళందరూ చదవాల్సిన ముక్క ఒకటుంది. ల్యాబుల్లో చేసిన పరీక్షల ప్రకారం, నదిలో ఉన్న వేడికి గుడ్లు అంతగా చావకూడదు. నదిలోనేమో చస్తున్నాయి. ఎందుకని? 2017లో ఒక పరిశోధన దీని గుట్టు విప్పింది. ల్యాబులో గుడ్ల మీంచి నీళ్ళు వేగంగా పారతాయి. నది అడుగున రాళ్ళ సందుల్లో మెల్లిగా పారతాయి. నీళ్ళు వేడెక్కితే గుడ్డుకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, మెల్లిగా పారే నీళ్ళు అంత అందించలేవు. అందుకని నదిలో గుడ్డు తట్టుకోగలిగే వేడి, ల్యాబులో తట్టుకున్నదానికన్నా దాదాపు 3 డిగ్రీల సెల్సియస్ తక్కువ. "నా మెషీన్లో బానే పన్జేస్తోందే" అని మనం టెస్టింగు వాళ్ళతో వాదిస్తామే, అచ్చం అదే. ఇక్కడ బగ్గు గుడ్డులో లేదు, పరీక్ష పెట్టిన చోటులో ఉంది.

సరే, గుడ్డు గండం గడిచింది, పిల్ల బయటికొచ్చింది అనుకుందాం. అంగుళంన్నర పిల్ల. మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇక్కడికే వస్తుంది. ఎక్కడుంటుంది? ఏం తింటుంది?

ఇప్పటి శాక్రమెంటో నదిని గట్టు మీద నిలబడి చూడండి. రెండుపక్కలా నిటారుగా ఏటిగట్లు, వాటికి రాళ్ళ తాపడం, మధ్యలో లోతుగా వేగంగా పోయే చల్లనీళ్ళు. వరద నివారణకి అది బ్రహ్మాండమైన కాలవ. కానీ అంగుళంన్నర పిల్లకి అది ఎనిమిది లేన్ల ఫ్రీవే లాంటిది. నిలబడదామంటే ఒడ్డు లేదు, తిందామంటే పురుగు లేదు, తప్పుకుందామంటే సందు లేదు. పైగా దాన్ని మింగడానికి పెద్ద నోళ్ళు కాచుకునుంటాయి. వాటిలో చారల బాస్ అయితే ఇక్కడిది కూడా కాదు, వేటకి బావుంటుందని 1879లో తూర్పు తీరం నుంచి రైల్లో తెచ్చి వదిలిన చేప.

ఈ గట్లు లేనప్పుడు ఏం జరిగేది? శీతాకాలం వానలకి నది పొంగి లోయంతా పరుచుకునేది. పల్లపు భూముల్లో మోకాల్లోతు నీళ్ళు వారాల తరబడి నిలిచేవి. చేపపిల్లలు వరదతోపాటు పక్కలకి వెళ్ళిపోయి, అక్కడ తిని బలిసి, నీళ్ళు తీస్తున్నప్పుడు నదిలోకొచ్చి సముద్రానికి పోయేవి. అలాంటి పల్లపు నేలల్లో నూటికి 95 వంతులు గట్ల వల్ల నదికి కాకుండా పోయాయని ఇక్కడివాళ్ళ లెక్క. అంటే మిగిలింది ఐదు శాతం స్కూలు డిస్ట్రిక్టన్నమాట!

ఆ ఐదు శాతంలో ఓ ముక్క మీంచి మేం బే ఏరియాకి వెళ్ళినప్పుడల్లా పోతుంటాం. శాక్రమెంటో దాటి డేవిస్ వెళ్ళే దారిలో 80వ నంబరు ఫ్రీవే మీద మూడు మైళ్ళ పొడుగు వంతెన ఉంటుంది, యోలో కాజ్‌వే. వేసవిలో కింద చూస్తే పొలాలు, పచ్చటి వరి. వానలు గట్టిగా పడ్డ ఏడు జనవరిలో చూస్తే సముద్రం. అదే యోలో బైపాస్, దాదాపు 60 వేల ఎకరాలు. నది మితిమీరి పొంగితే ఊరు మునక్కుండా నీళ్ళు అటు మళ్ళడానికి, మన అలుగులాంటి తక్కువ ఎత్తు గోడ ఒకటి కట్టారు, ఫ్రీమాంట్ వీర్ అంటారు. కట్టింది ఊరి కోసం. బాగుపడింది చేపపిల్లలు కూడా.

1998, 1999లలో ఇక్కడివాళ్ళు గుర్తులు పెట్టిన చేపపిల్లల్ని కొన్నిట్ని బైపాసులో, కొన్నిట్ని నదిలో వదిలి చూశారు. బైపాసువి స్పష్టంగా వేగంగా పెరిగాయి. తర్వాత 2008లో పక్కనే ఉన్న కొసమ్‌నెస్ నది మీద చేసిన పరిశోధన ఇంకోటి అచ్చయింది. ఒకే ఈడు పిల్లల్ని బోనుల్లో పెట్టి, కొన్ని బోన్లు నదిలో, కొన్ని వరదనీళ్ళ పల్లంలో ఉంచారు. కొన్ని వారాల తర్వాత పక్కపక్కన పెట్టి తీసిన ఫోటో ఒకటి చాలా పేరుపడింది. నదిలోది అగ్గిపుల్లలా ఉంటే, పల్లంలోది బొద్దుగా, పొట్ట ఉబ్బి, వేరే జాతేమో అన్నట్టుంటుంది. పరిశోధకులు వాటికి ముద్దుగా 'వరద బొండాలు' అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టారు.

ఇందులో మాయేం లేదు. పల్చగా పరుచుకుని కదలకుండా నిలిచిన నీళ్ళకి ఎండ తగుల్తుంది, కాస్త వెచ్చబడతాయి. వెచ్చటి నీళ్ళలో కుళ్ళే గడ్డి మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని తిని డాఫ్నియా లాంటి నీటిపురుగులు లక్షల్లో పుడతాయి. మన భీమవరం, కైకలూరు చెరువుల వాళ్ళు ప్లాంక్టన్ అంటారే, ఆ బాపతే. అదే నీళ్ళు నదిలో రెండ్రోజుల్లో సముద్రం దారి పడితే పురుగు పుట్టే వ్యవధే ఉండదు. చూశారా, అప్పుడు గుడ్డుకి వెచ్చదనం చావు, ఇప్పుడు పిల్లకి వెచ్చదనం వరం. తిండి దండిగా ఉన్నప్పుడు కాస్త వెచ్చటి నీళ్ళు పెరుగుదలని తోస్తాయి. తిండి లేనప్పుడు అదే వెచ్చదనం ఒంట్లో ఉన్నదాన్ని కరగదీస్తుంది. 'మంచి నీళ్ళు' అంటే ఒక అంకె కాదు, ఏ వయసులో, ఎంత తిండితో అన్నది కలిపి చూడాలి.

బొద్దుగా ఉంటే ఏమిటి లాభం అంటారా? వసంతం చివరికొచ్చేసరికి, పెరిగినా పెరక్కపోయినా, పిల్ల సముద్రానికి బయల్దేరాల్సిందే. పగలు పొడుగవుతుంది, ఒళ్ళు వెండిరంగుకి తిరుగుతుంది, ఉప్పునీళ్ళకి సిద్ధమవుతుంది. వెనకాలే నది వేడెక్కుతుంది. ఈ డెడ్‌లైను ఎవరూ పొడిగించరు. నాలుగంగుళాల పిల్ల బాస్ నోటికి అందకుండా ఉరకగలదు, రెండంగుళాల పిల్ల ఉరకలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. బైపాసులో వేసవిలో వరి పండిస్తారని చెప్పాను కదా. కోతలయ్యాక మిగిలిన గడ్డిని పూర్వం తగలబెట్టేవాళ్ళు. పొగ భరించలేక 1991లో చట్టం చేసి తగలబెట్టడాన్ని బాగా తగ్గించారు. రైతులేం చేశారంటే, గడ్డి మురగడానికి శీతాకాలంలో మడులకి నీళ్ళు పెట్టడం మొదలెట్టారు. బాతులూ కొంగలూ లక్షల్లో దిగాయి. పక్షులొస్తే చేపలెందుకు రావు అని కొందరికి ఆలోచనొచ్చింది. 2012లో డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు, కాల్‌ట్రౌట్ అనే సంస్థా, నాగ్స్ రాంచ్ అనే పొలం రైతులూ కలిసి, ఐదెకరాల వరిమడిలో నీళ్ళు నిలబెట్టి దాదాపు పదివేల సాల్మన్ పిల్లల్ని వదిలారు. ఆరువారాల్లో అవి పెరిగిన వేగం, ఈ రాష్ట్రంలో మంచినీళ్ళలో సాల్మన్ పిల్లలకి నమోదైన పెద్ద వేగాల్లో ఒకటి. ప్రయోగానికి నిగిరి అని పేరు పెట్టారు. జపాను వాళ్ళ వంటకం, అన్నం ముద్ద మీద చేపముక్క. ఆ పేరు పెట్టినవాడెవడోగానీ వాడికి దణ్ణం పెట్టాలి.

ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత కాస్త సిగ్గేసింది. మాది గోదావరి జిల్లాలో కాలవ పక్క ఊరు. వరిమడిలో చేపపిల్ల పెరుగుతుందని చెప్పడానికి మాకు యూనివర్సిటీ కావాలా? తొలకరికి కాలవలొదిలితే, తూముల్లోంచి మడుల్లోకి పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు ఎక్కేవి. బోదెకి అడ్డంగా తువ్వాలు పట్టుకుని మేం పట్టినవాటికి లెక్కలేదు. మడి చేప రుచి, మడి చేప కండ అని మా తాతయ్య వేరుచేసి చెప్పేవాడు. ఆయనకి డాఫ్నియా తెలీదు, కానీ మడినీళ్ళలో చేపకి తిండుంటుందని తెలుసు. ఇప్పుడు ఊరెళ్తే మడులున్నాయి, నీళ్ళున్నాయి, పరిగెలే కనపడవు. తూములకి షట్టర్లొచ్చాయి, సాళ్ళలో మందులొచ్చాయి. నీళ్ళున్నంత మాత్రాన చేపకి చోటున్నట్టు కాదు. యోలోలో మడుల్లోకి నీళ్ళు పెట్టేది కోతల తర్వాత, మందులు కొట్టే కాలం కాదు. ఆ తేడా చిన్నది కాదు.

అలాగని వరిమడి స్వర్గమేం కాదు. ఆ ప్రయోగాల్లోనే చుట్టుపక్కలంతా ఎండిపోయి ఈ మడుల్లోనే నీళ్ళున్నప్పుడు, కొంగలన్నీ అక్కడే వాలి పిల్లల్ని ఏరుకు తిన్నాయి. కుళ్ళే గడ్డి ఎక్కువైతే తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. వరద తీసేటప్పుడు బయటికి దారి లేకపోతే గుంటల్లో చిక్కుకుని చస్తాయి. అందుకని కొందరు చేపని మడికి తీసుకురావడం కాకుండా, మడిలో పుట్టిన పురుగుల్నే నీళ్ళతో సహా నదిలోకి వదలడం కూడా చేస్తున్నారు. మెస్సుకి రాలేనివాళ్ళకి క్యారేజీ పంపినట్టు. ఇవన్నీ సర్దుకోదగ్గ సమస్యలు. సర్దాలంటే ముందు చోటు గురించి ఆలోచించాలి కదా, నేనంటున్నది అదే.

మరి లెక్కపెట్టుకుంటూ పోయే పద్ధతి ఏం సాధించింది? హేచరీలు దశాబ్దాలుగా ఏటా కోట్లలో పిల్లల్ని వదుల్తున్నాయి. వదిలినవాటిలో పెద్దయి తిరిగొచ్చేది నూటికి ఒకటో, అదీ లేదో. నది వేడెక్కిన కరువు ఏళ్ళలో పిల్లల్ని నదిలో వదిలితే సముద్రం చేరవని, లారీల్లో ఎక్కించి శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతం దగ్గర దింపుతారు. బతుకుతాయి, నిజమే. కానీ నది వాసన తెలీకుండా పెరిగిన చేపకి తిరుగు దారి తెలీదు, ఏ నదిలో పడితే ఆ నదిలోకి పోతుంది. ఇంత చేసినా చేపలు తగ్గిపోయి కాలిఫోర్నియా తీరంలో సాల్మన్ వ్యాపార వేటని 2008, 2009లలో ఆపేశారు. మళ్ళీ 2023, 2024, 2025, వరసగా మూడేళ్ళు ఆపేశారు. పడవల మీద బతికే కుటుంబాల పరిస్థితేంటో మన వేట నిషేధం రెండు నెలలతో పోల్చుకుని ఊహించుకోండి. అంకె మాత్రం ఏటా బానే ఉంది.

2024 ఫిబ్రవరి చివర్లో జరిగింది ఇంకా బాధాకరం. రాష్ట్రం ఉత్తరాన క్లామత్ నదిలో దాదాపు 8 లక్షల 30 వేల చినూక్ పిల్లల్ని వదిలారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. కింద నది నీళ్ళూ బావున్నాయి. మధ్యలో ఐరన్ గేట్ డ్యాము కింద సొరంగంలోంచి పోవాల్సొచ్చింది. అక్కడి ఒత్తిడి తేడాకి ఒంట్లో గాలి బుడగలు పుట్టి చచ్చిపోయాయి. ఒక్క చోటు తేడా కొట్టింది, అంతే. అదే ఏడు అక్టోబరుకి ఆ డ్యాముతో సహా నాలుగు డ్యాముల్ని తీసేయడం పూర్తయింది. ఆ నెలలోనే సాల్మన్లు వాటంతటవే పైకెక్కి ఆరెగాన్ రాష్ట్రంలో కనిపించాయి. ఆ నదిలో అంత పైన అవి కనిపించడం 1912 తర్వాత అదే మొదటిసారి. దారిస్తే చాలు, లారీ అక్కర్లేకపోయింది.

చోటు అంటే నది ఒక్కటే కూడా కాదండోయ్. 2020లో ఇక్కడి హేచరీల్లో పిల్లలు గిరగిరా సుడులు తిరుగుతూ చచ్చిపోవడం చూశారు. నీళ్ళు బానే ఉన్నాయి, మేత బానే ఉంది. చివరికి తేలిందేంటంటే, తల్లులకి బి1 విటమిన్ లోపం. సముద్రంలో మిగతా ఎర తగ్గిపోయి అవి దాదాపుగా ఆంకొవీ అనే చిన్నచేపనే తిన్నాయి, ఆ చేపలో బి1ని విరిచేసే పదార్థం ఉంటుంది. తల్లి మేసిన సముద్రం, వంద మైళ్ళ అవతల గుడ్డులో పిల్లని చంపింది. ఇప్పుడు తల్లులకి ఇంజక్షన్లూ, గుడ్లకి విటమిన్ నీళ్ళూ ఇస్తున్నారు.

ఇదంతా ఆఫీసులో ఒక సహోద్యోగితో అంటే, "అయితే హేచరీలు మూసేయమంటావా?" అన్నాడు. కాదు మహాప్రభో. వింటర్ రన్ జాతి ఈ పాటికైనా మిగిలిందంటే అందులో హేచరీ పుణ్యం ఉంది. ఐసీయూ వద్దని ఎవడంటాడు? కానీ ఐసీయూలో బెడ్లు పెంచుతూపోయి, దాన్నే ఊరి ఆరోగ్యం అనకూడదంటున్నాను.

"మరి రైతుల నీళ్ళు చేపలకి పోస్తావా?" అని రెండో ప్రశ్న వేశాడు. వాళ్ళ నాన్నగారు కర్నూలు దగ్గర రైతు, ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఇక్కడ కూడా ఏ కరువొచ్చినా గొడవ ఇదే, చేపా పంటా అని. గుడ్లకి చల్లనీళ్ళు దాచాలంటే నిజంగానే ఎవరో ఒకరు తగ్గించుకోవాలి, అది నేను దాచను. పిల్లలు పెరిగే చోటు సంగతి మాత్రం వేరు. వేసవిలో వరి, శీతాకాలంలో చేప, ఒకే మడి. అక్కడ కావాల్సింది మళ్ళీ ఇంకో నది నీళ్ళు కాదు, ఉన్న వరదని రెండు మూడు వారాలు నిలబెట్టే ఓపిక. ఫ్రీమాంట్ వీర్ దగ్గర అదే చేశారు. మామూలుగా పెద్ద వరదకే పొర్లే ఆ గోడకి ఒకచోట గండి కొట్టి గేట్లు పెట్టారు, 2024కి పని పూర్తయింది. ఇకమీదట ఓ మాదిరి వరదకి కూడా నీళ్ళూ, పిల్లలూ బైపాసులోకి వెళ్ళొచ్చు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఒక్క మాట. తెలంగాణలో 2016-17 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదిలే పథకం నడిచింది. మంచి పథకమే, ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలెన్నిటికో ఆధారం. పేపర్లో వార్త మాత్రం ఎప్పుడూ ఇన్ని కోట్ల పిల్లలు వదిలారనే. ఆ పథకం నిబంధనల్లోనే అసలు కిటుకుంది. ఏడాదిలో కొన్నాళ్ళే నీళ్ళుండే చెరువుకి 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్ళుండే చెరువుకి 80-100 మిల్లీమీటర్ల పిల్ల. ఎందుకంటే ఏడాదంతా నీళ్ళుండేచోట కొర్రమీను, వాలుగ లాంటివి కూడా ఏడాదంతా ఉంటాయి, చిన్నపిల్ల వాటికి పలహారం. అంటే రాసినవాళ్ళకి చోటు విలువ తెలుసు. మరి ఆలస్యంగా, నీళ్ళు తీసే వేళకి పిల్లలొస్తే? వేలెడంత అని గోరంత పిల్ల వస్తే? కోట్ల అంకె మారదు, చెరువులో చేప మారుతుంది. కాబట్టి ఎన్ని వదిలారని కాదు, ఏడాది తిరిగాక ఏ చెరువులో ఎన్ని మిగిలాయి, ఎంత తూగాయి అని అడగడం మొదలెట్టాలి. అది అడిగితే చెరువులో పూడిక, గుర్రపుడెక్క, పైనుంచొచ్చే మురుగు, అన్నీ వాటంతటవే చర్చలోకొస్తాయి.

మా కంపెనీల్లో కూడా ఇంతే లెండి. ఎన్ని లైన్ల కోడు రాశావని లెక్కపెట్టిన కాలం ఒకటుండేది. లైన్లు పెరిగాయి, ప్రోడక్టు మునిగింది.

చేపకి చెవిలో చిన్న ఎముక ఉంటుంది, చెట్టుకి ఏడాదికో వలయంలా దానికి రోజుకో వలయం. దాన్ని కోసి అందులో ఖనిజాల తేడాలు చూస్తే ఆ చేప పిల్లప్పుడు ఏ నీళ్ళలో ఉందో తెలుస్తుంది. దానికన్నా నిఖార్సైన లాగ్ ఫైలు నేనెక్కడా చూళ్ళేదు. అలా చూసిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. తిరిగొచ్చిన వింటర్ రన్ చేపల్లో దాదాపు సగం, పుట్టిన నదిలో కాకుండా పక్క ఏరుల్లో, డెల్టాలో పెరిగినవట. మ్యాపులో ఎవరూ పట్టించుకోని పిల్లకాలవలు. ఎవరూ వదలకుండానే, తమకి సరిపడే చోటు అవే వెతుక్కున్నాయి.

మొన్న వానలకి కాజ్‌వే కింద నీళ్ళొచ్చాయి. కారు పక్కకి తీయడానికి లేదు కాబట్టి నడుపుతూనే చూపించాను. "నువ్వడిగావు కదా, ఎక్కడుంటాయని. ఇదిగో, ఇక్కడ. ఈ మడుల్లో."

కాసేపు చూసి, "మరి ఆ రోజు మనం చూసినవి ఇక్కడే వదలొచ్చు కదా?" అంది.

ఈ ప్రశ్నకి కూడా ఇంటికెళ్ళాక చెప్తానన్నాను. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.